ప్రేమ అనే మాట మేం వాడం, చూసుకోవడం అంటాం

మీరు అడిగింది ఇదీ: పాల ఫారాల్లో పశువుల్ని హింసించే వీడియోలు చూశాక పాలు గొంతు దిగడం లేదు, ఊళ్లలో రైతు కుటుంబాలు పశువుల్ని నిజంగా బాగా చూసుకుంటాయా, లేక అక్కడా ఇప్పుడంతా ఫ్యాక్టరీ పద్ధతేనా, ఇంజెక్షన్ల సంగతి, దూడల సంగతి నిజమేనా అని.

నేను తెనాలికీ రేపల్లెకీ మధ్య ఒక డెల్టా ఊళ్లో 30 ఏళ్లుగా పాడి చేస్తున్నాను. ప్రస్తుతం మా కొట్టంలో ఆరు గేదెలు, మూడు సంకరజాతి ఆవులు, వాటి దూడలు ఉన్నాయి. పొలం మా ఆయన చూస్తారు, పాడి నాది. సూటిగా చెప్పాలంటే మీరు వీడియోల్లో చూసినవి జరుగుతాయి. అందరి ఇళ్లలోనూ జరగవు. కొన్ని మా ఇంట్లో కూడా జరిగాయి, అవి దాచి మిగతాది చెబితే మీకు ఉపయోగం లేదు.

మా వైపు ఎవరూ "గేదెను ప్రేమిస్తున్నాం" అనరు. "గొడ్లను చూసుకుంటున్నాం" అంటారు. ఆ చూడడం నిజంగా కళ్లతో చూడడమే. తెల్లవారుజామున నాలుగింటికి కొట్టంలో లైటు వేయగానే పాలచెంబు అందుకోను. ముందు ఒక చుట్టు తిరుగుతాను. ఏది నెమరు వేస్తోంది, ఏది వేయడం లేదు. మిగతావన్నీ పడుకుని ఉంటే ఒక్కటే ఎందుకు నిలబడి ఉంది. ముట్టె మీద చెమట చుక్కలు ఉన్నాయా, ఎండిపోయిందా. పేడ పలచబడిందా, గట్టిపడిందా. ఇదంతా మా అత్తయ్య నేర్పింది. ఆవిడ చెవి పట్టుకుని జ్వరం చెప్పేది. నేను థర్మామీటరు పెడతాను, 101, 102 డిగ్రీల మధ్య ఉంటే సరే. కానీ థర్మామీటరు ఏ గొడ్డుకు పెట్టాలో చెప్పేది ఇప్పటికీ ఆ చుట్టే.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా సంకర ఆవు గౌరి మూడో ఈత ఈనింది. సాయంత్రం ఈని, రాత్రి మాయ వేసింది, అంతా బాగానే ఉంది. తెల్లారి వెళ్లేసరికి పడుకుని ఉంది. మెడ వంచి తల డొక్కకు ఆనించుకుంది. చెవులు మంచులా ఉన్నాయి. లేపితే లేవదు. దూడ పక్కనే అరుస్తున్నా కన్ను తిప్పదు. చూడనివాళ్లు నిద్రపోతోంది అనుకుంటారు. అది పాల జ్వరం. పేరులో జ్వరం ఉంది కానీ ఒళ్లు చల్లబడుతుంది. ఈనగానే పాలల్లోకి కాల్షియం ఒక్కసారిగా పోయి, రక్తంలో తగ్గిపోయి పడిపోతుంది. కొన్ని గంటలు ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

డాక్టరు గారు వచ్చి మెడ నరానికి కాల్షియం సీసా పెట్టారు. నన్ను ఆవు ఎడమ వైపు కూర్చోబెట్టి గుండె దగ్గర చెయ్యి పెట్టమన్నారు. "గుండె దడ మారితే చెప్పమ్మా, వెంటనే ఆపేస్తాను" అన్నారు. తొందరపడి గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుందట. ఆ సీసా చుక్క చుక్కగా దిగుతున్నంతసేపూ నా అరచెయ్యి గౌరి ఒంటి మీద ఉంది. సగం సీసా అయ్యాక దాని ఒంట్లో వణుకు మొదలైంది. తర్వాత పెద్దగా త్రేన్చింది. పేడ వేసింది. అరగంటకు ముందు వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు ఎత్తి లేచి నిలబడింది, ఏమీ జరగనట్టు దూడను నాకడం మొదలుపెట్టింది.

మీరడిగిన ఆధునిక పాడి అంటే నాకు ఆ రోజే గుర్తొస్తుంది. రెండు లీటర్లిచ్చే మా అత్తయ్య కాలపు నాటావులకు ఈ జబ్బు వచ్చినట్టు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. రోజుకు పదిహేను లీటర్ల ఆవును తెచ్చుకున్నాం కాబట్టి మాకు వచ్చింది. దాన్ని బతికించిన సీసా కూడా ఆధునికమే. ఒక చేత్తో తెచ్చుకున్నాం, ఇంకో చేత్తో వైద్యం చేయించుకున్నాం. అప్పటినుంచి ఎక్కువ పాలిచ్చే ఆవు ఈనితే మొదటి రెండు మూడు రోజులు పొదుగు ఖాళీ అయ్యేలా పిండను. దూడకు చాలినంత, కాస్త పైన తీసి వదిలేస్తాను.

ఇక ఫ్యాక్టరీ పద్ధతి గురించి. ఒకప్పుడు మేమూ ఆ దారి పట్టాం. బ్యాంకు లోను తీసుకుని పద్దెనిమిది పశువులకు పెంచాం. పాలు తీసే మెషీను, ఇద్దరు పనివాళ్లు, రేకుల షెడ్డు. లెక్క కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఎనిమిది నెలల్లో నాలుగింటికి పొదుగు వాపు వచ్చింది. మెషీను తప్పు కాదు, బాగా కడిగి వాడితే అది చేతికంటే మేలు. తప్పు ఎక్కడ జరిగిందంటే, పాలు తీసే ముందు ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లటి పళ్లెంలో పిండి చూడాలి. ముక్కలు ముక్కలుగా, విరిగినట్టు కనిపిస్తే వాపు మొదలైనట్టే, పైకి ఏమీ తెలియకపోయినా. పాలు తీశాక చన్నులు అయోడిన్ మందులో ముంచాలి. ఆ తర్వాత అరగంట గొడ్డును పడుకోనివ్వకూడదు, ఎందుకంటే చన్ను రంధ్రం మూసుకోవడానికి ఆ మాత్రం టైము పడుతుంది. అందుకే పాలు తీశాకే పచ్చిమేత వేస్తాం, మేస్తూ నిలబడి ఉంటుందని. తొమ్మిది గొడ్లకు ఇదంతా చేయగలిగాను. పద్దెనిమిదికి చేయలేకపోయాను. పనివాళ్లు చేశామన్నారు, నేను నమ్మాను. ఒక గేదెకు రెండు చన్నులు శాశ్వతంగా ఎండిపోయాయి.

తొమ్మిదింటిని అమ్మి లోను తీర్చాం. అందుకని పెద్ద ఫారాలన్నీ చెడ్డవి అని మాత్రం అనను. వంద పశువులున్న ఫారాలు చూశాను. కొన్నిట్లో పది పదిహేను గొడ్లకు ఒక మనిషి ఉండి, నాకంటే శుభ్రంగా చూస్తారు. రెండే గేదెలు పెట్టుకుని వాటిని మోకాలి లోతు పేడలో కట్టేసిన ఇళ్లూ మా వీధిలోనే ఉన్నాయి. ఒక జత కళ్లకు ఎన్ని గొడ్లు అనేదే నేను అడిగే ప్రశ్న. నాకైతే పది దాటితే పేర్లు గుర్తుండడం లేదు.

ఇంజెక్షన్ సంగతికి వస్తాను. దాని పేరు ఆక్సిటోసిన్. దూడ చన్ను పట్టగానే తల్లి ఒంట్లో సహజంగా ఊరేదే అది, దానివల్లే గేదె పాలు చేపుతుంది, అంటే చన్నుల్లోకి దించుతుంది. దూడ చచ్చిపోయినా, దూడను వదిలే ఓపిక లేకపోయినా కొందరు సూది వేసి చేపిస్తారు. ఇది నేరం. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యం చెడేలా ఏ పదార్థం ఎక్కించినా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 12వ సెక్షన్ కిందకు వస్తుంది. అయినా లేబుల్ లేని సీసాల్లో దొరుకుతూనే ఉంటుంది.

మేం ఒకసారి సంతలో ముర్రా గేదె కొన్నాం. బేరగాడు మా ముందే ఏడు లీటర్లు పిండి చూపించాడు. ఇంటికి తెచ్చాక దూడను వదిలినా, దాణా పెట్టినా, పొదుగు ఎంత నిమిరినా చుక్క రాలేదు. కాళ్ల మధ్య చెంబు పెట్టగానే ఒళ్లంతా బిగపట్టి, తల పక్కకు తిప్పి చూసేది. మెడ పక్కన చూస్తే సూది పోట్లు గడ్డకట్టి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఎదురు మనిషి చెయ్యి దగ్గరికొస్తే సూదే అనుకుంటోంది. మా ఆయన తిరిగిచ్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇస్తే ఇంకొకరి సూది కిందకే పోతుంది కదా. మొదటి వారం పాల జోలికి పోకుండా దూడకే వదిలేశాను. రోజూ ఒకే టైముకు, అదే చీరతో, అదే పక్క నుంచి వెళ్లి గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి వచ్చేసేదాన్ని. చీర సంగతికి నవ్వకండి, గొడ్డుకు వాసన ముఖ్యం. మూడో వారానికి చేపింది. నాలుగు లీటర్లే, ఏడు ఎప్పుడూ రాలేదు. లక్ష్మి అని పేరు పెట్టాం, ఆరు ఈతలు మా ఇంట్లోనే ఈనింది.

పాత కాలమే బాగుండేదని నన్ను ఒప్పించాలని చూడకండి. నా పెళ్లయిన కొత్తలో ఊరంతా గాలికుంటు వచ్చింది. నోట్లోంచి సొంగ తీగలుగా కారుతుంటే, నాలుక పై పొర ఊడి, గిట్టల మధ్య పురుగులు పడి, గొడ్లు మేతకేసి చూస్తూ నిలబడేవి, మేయలేకపోయేవి. వేపనూనె, పసుపు పూసేవాళ్లం, అంతకుమించి ఏం తెలుసు. బతికినవి కూడా తర్వాత ఎండ పడితే కుక్కల్లా రొప్పేవి, పాడికి పనికొచ్చేవి కావు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఊళ్లోకే వచ్చి ఉచితంగా టీకా వేస్తున్నారు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద చెవికి పన్నెండు అంకెల పోగు వేసి, ఏ గొడ్డుకు ఎప్పుడు వేశారో రాసుకుంటున్నారు. చూడి గొడ్లు ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లాకు ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్క టీకా చాలు. 1962కి ఫోన్ చేస్తే డాక్టరుతో బండి వస్తుంది. ఈ సదుపాయాలు నా అత్తయ్యకు ఉంటే ఆవిడ ఎన్ని గొడ్లను కాపాడుకునేదో.

పోయినవీ ఉన్నాయి. మా ఊరి చెరువులో మధ్యాహ్నం గేదెలన్నీ ముక్కులు మాత్రం పైకి పెట్టి మునిగి ఉండేవి. గేదెది నల్లటి తోలు, చెమట పట్టే గ్రంథులు తక్కువ, ఎండాకాలం నీళ్లలో పడుకోవడం దానికి విలాసం కాదు, అవసరం. ఇప్పుడు ఆ చెరువు చేపల లీజులో ఉంది, గొడ్లను దిగనివ్వరు. బీళ్లు లేవు. వరికోత మెషీను వచ్చాక గడ్డి కూడా తొక్కి పారేసినట్టు వస్తోంది, మోపుకట్టి వామి వేసే పచ్చటి గడ్డి కాదది. కాబట్టి గొడ్డు రోజంతా కట్టుకొయ్యకే ఉంటుంది. నేను షెడ్డులో ఫ్యాన్లు పెట్టాను, ఎండ ముదిరితే రోజుకు మూడుసార్లు పైపుతో తడుపుతాను. సాయంత్రం గంట సేపు తలుగులు విప్పి వెనక దొడ్లో వదులుతాను. చెరువుతో సమానం కాదు. ఈ విషయంలో మా అత్తయ్య గేదెలు నా గేదెలకంటే సుఖంగా బతికాయి, ఒప్పుకోవాలి.

మేత గురించి పొడుగ్గా రాయను. కానీ ఒకటి: రెండో పంటగా వేసిన జొన్న కోశాక మొదళ్ల నుంచి పిలకలు లేస్తాయి. పచ్చగా ముచ్చటగా ఉంటాయి. నీళ్లందక గిడసబారిన ఆ పిలకలు మేస్తే నాము, అంటే వాటిలో ఉండే విషం, తగిలి గొడ్డు గంటలో పడిపోతుంది. యూట్యూబ్ చూసి పాడి పెట్టిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఇలా గొడ్లను పోగొట్టుకోవడం చూశాను. సూపర్ నేపియర్ గడ్డి ఎన్ని టన్నులు వస్తుందో వాళ్లకు నోటికి వచ్చు, నాము అనే మాట వినలేదు.

మందుల విషయంలో మా వాళ్లను వెనకేసుకురాను. పొదుగు వాపుకు యాంటీబయాటిక్ వేశాక మందు మీద రాసినన్ని రోజులు ఆ పాలు పారబోయాలి. మా పాల సెంటర్లో కొలిచేది వెన్న, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం). మందు అవశేషాలు అక్కడ తెలియవు. కాబట్టి పారబోసేవాడి నష్టం వాడిదే, పోసేసినవాడిని అడిగేవాడు లేడు. నేను పారబోస్తాను, అప్పులో ఉన్న ఏడాది మాత్రం రెండు పూటలు పోసేశాను. ఇది చదివి మీకు కోపం రావచ్చు, రావాలి కూడా. ప్రభుత్వం నిషేధించిన మందులూ కొన్ని ఉన్నాయి. మందు వేసిన గొడ్ల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను 2006లో ఆపేశారు, కోళ్లకూ పశువులకూ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని 2019లో ఉత్తర్వు వచ్చింది.    

పాలు మానేయాలా అన్నది మీ ఇష్టం. తాగాలనుకుంటే, ఒకసారి పాలు వచ్చే చోటికి వెళ్లి చూడండి. యజమాని చెప్పేది వినకండి, అతను దగ్గరికి వెళ్లినప్పుడు గొడ్డు ఏం చేస్తుందో చూడండి. తల ముందుకు చాస్తుందా, వెనక్కి జరుగుతుందా. వెనక కాళ్ల మడమల దగ్గర తోలు ఊడి పుండ్లు ఉంటే నేల గట్టిది, రోజంతా కట్టేసే ఉంటున్నారు. నీళ్ల తొట్టిలో పాకుడు చూడండి. చివరగా దూడలు ఎక్కడున్నాయో అడగండి. ఎన్ని ఆడవి, ఎన్ని మగవి అని అడగండి. అక్కడ చాలామంది మాట మారుస్తారు.

నేనూ దూడల సంగతి ఇందాకటి నుంచి వాయిదా వేస్తూనే వచ్చాను. మా మామగారి రోజుల్లో దున్నపోతు దూడ పుడితే దుఃఖం లేదు. డెల్టాలో వరి దమ్ము చేసేది దున్నలే, బురదలో వాటికి ఎదురు లేదు. ట్రాక్టరు వచ్చాక వాటికి పని పోయింది. ఇప్పుడు లెక్క చూడండి. దూడకు రోజుకు రెండు లీటర్ల చొప్పున మూడు నెలలు వదిలితే 180 లీటర్లు. లీటరు యాభై వేసుకున్నా 9,000 రూపాయలు. మూడు నెలల మగ దూడను ఆ డబ్బు పెట్టి ఎవరూ కొనరు. కాబట్టి ఎవరూ కత్తి పట్టరు, పాలు తగ్గిస్తారు, అంతే. జున్నుపాలు కూడా చాలినన్ని తాగనివ్వరు, పదో రోజుకు పట్టాల్సిన నట్టల మందు పట్టరు. తెల్లగా పారుకుని, డొక్కలు లోపలికి పోయి, ఒక రోజు లేవదు. "దూడ పోయింది" అంటారు, దానంతట అదే పోయినట్టు.

మా ఇంట్లోనూ అలా పోయింది ఒకటి. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. గేదె చేపడం మానేసింది. ఒకతన్ని పిలిపించి దూడ తోలు ఒలిపించి, లోపల వరిగడ్డి కూరి కుట్టించారు. పాలు తీసే వేళకు దాన్ని చంకన పెట్టుకుని తెచ్చి తల్లి ముందు పెట్టే పని కొత్త కోడలినైన నాది. గేదె ముక్కు ఆనించి వాసన చూసి నాకుతూ పాలు చేపేది. రెండు నెలలకు కుట్లు ఊడి పొట్ట దగ్గర గడ్డి బయటికి వచ్చింది. ఒక సాయంత్రం ఆ గడ్డిని గేదె మేసింది. ఆ తర్వాత నేను దాన్ని మోయనన్నాను. కొత్త కోడలు అలా అనడం చిన్న మాట కాదు. అత్తయ్య ఏమీ అనలేదు, దాన్ని పెంటకుప్ప వెనక పాతి పెట్టేసింది.

అప్పటినుంచి మా కొట్టంలో దూడ ఏదైనా పుట్టిన గంటలోపు జున్నుపాలు పట్టిస్తాను, మూడు నెలలు ఒక చన్ను దానికే. పాడి లెక్కలో ఇది నష్టం అని మా అబ్బాయి ఎక్సెల్ షీటు వేసి చూపించాడు. ఆడదూడలే పుట్టే వీర్యం వచ్చింది కదా, పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి, ఆవులకు అదే వేయిస్తున్నాం. చూడి నిలవడం కాస్త తక్కువ, రెండు మూడుసార్లు వేయించాల్సి వస్తుంది, అయినా వేయిస్తాను. పని లేని దూడ పుట్టకుండా చేయడమే దానికి నేను చేయగల మంచి అనిపిస్తుంది. గేదెలకు మాత్రం ఇంకా మామూలుదే. ఈ ఏడు మూడు మగవి పుట్టాయి. రెండింటిని పాలు మరిచాక పక్క ఊరి మనిషి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో నాకు తెలుసు, ఆయనకూ నాకు తెలుసని తెలుసు.

మూడోది ఇక్కడే ఉంది, ఐదు నెలలది. బాగా మేస్తుంది, ఒళ్లు నిగనిగలాడుతూ ఉంటుంది. కుడితి తొట్టి దగ్గర నన్ను తల్లికంటే ముందు అదే పలకరిస్తుంది. కొట్టంలో పెయ్యలన్నిటికీ పేర్లున్నాయి. దీనికి నేను పెట్టలేదు.